ఊళ్లో ఎవరికి ఎంత సబ్సిడీ పడింది? బెంగళూరు చుట్టుపక్కల తెలుగు రైతు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

హొసకోటె, దేవనహళ్లి, చింతామణి, బాగేపల్లి, శ్రీనివాసపురం, ముళబాగిలు. బెంగళూరు నుంచి రెండు మూడు గంటల్లో చేరుకునే ఈ తాలూకాల్లో చాలా ఇళ్లది ఒకటే కథ. ఇంట్లో తెలుగు, తాలూకా ఆఫీసులో కన్నడ, పిల్లలు బెంగళూరులో ఉద్యోగం, పెద్దవాళ్లు ఊళ్లో టమాటా, ద్రాక్ష, మల్బరీ, మామిడి. పండక్కి ఊరెళ్తే అరుగు మీద వినిపించే మాట కూడా ఒకటే: "వాళ్లకి పడిందంట, మనకి పడలేదు."

ఎవరికి పడింది, ఎంత పడింది, ఎందుకు పడింది అన్నది రహస్యం కాదు. చాలా వరకు ఫోన్లోనే కనిపిస్తుంది, మిగతాది పది రూపాయల ఫీజుతో అడిగి తెచ్చుకోవచ్చు. అయితే అందరూ జాబితాలో పేర్లు వెతికి అక్కడే ఆగిపోతారు. నన్నడిగితే పేర్ల కంటే గుంటల లెక్క, బిల్లు, తనిఖీ కాగితం చూడటం ముఖ్యం. అనర్హుల పేర్లు దొరకవని కాదు, దొరుకుతాయి. కానీ రైతు నష్టపోయేది ఎక్కువగా ఆ మూడు చోట్లే.

ముందు, ఏ డబ్బు ఏ ఆఫీసుది

ఇది తేల్చుకోకుండా తిరిగితే కాళ్లు నొప్పులు తప్ప ఏమీ మిగలదు. పీఎం కిసాన్ కేంద్రం డబ్బు. ఏడాదికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు విడతలు. 2019 ఫిబ్రవరిలో మొదలైంది. కరువు, వరదల పంట నష్ట పరిహారం రెవెన్యూ శాఖది, అంటే తహసీల్దారు ఆఫీసు. విత్తనాలు, యంత్రాలు, కృషి హొండ అనే పొలం కుంటలు వ్యవసాయ శాఖవి, వీటికి హోబళి (తాలూకాకు కింది విభాగం, కొన్ని ఊళ్ల సమూహం) స్థాయిలో రైత సంపర్క కేంద్రం ఉంటుంది. కూరగాయలు, పండ్లు, పూలకు డ్రిప్పు, షేడ్‌నెట్ లాంటివి తోటగారికె ఇలాఖె, అంటే ఉద్యాన శాఖవి. దాని రాష్ట్ర కార్యాలయం లాల్‌బాగ్‌లోనే ఉన్నా మన ఫైలు కదిలేది మాత్రం తాలూకా ఆఫీసులో. పట్టుపురుగుల షెడ్డుకు రేష్మె ఇలాఖె, అంటే పట్టు శాఖ. డెయిరీకి పోసే పాలకు లీటరుకు 5 రూపాయల ప్రోత్సాహధనం రాష్ట్ర ప్రభుత్వానిది.

ఎరువుల సబ్సిడీ సంగతి వేరు. 45 కిలోల యూరియా బస్తా మనకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది. అసలు ఖరీదులో మిగతాది కేంద్రం నేరుగా కంపెనీకి ఇస్తుంది, అదీ అంగట్లో పీఓఎస్ మెషీన్ మీద అమ్మకం నమోదయ్యాకే. కాబట్టి ఇక్కడ చూడాల్సింది బ్యాంకు ఖాతా కాదు, మెషీన్ నుంచి వచ్చే చీటీ. మీరు కొన్నది రెండు బస్తాలు, వేలిముద్ర వేశాక చీటీలో ఉన్నది ఐదు అయితే, మిగతా మూడు మీ పేరు మీద ఇంకెక్కడికో పోయాయన్నమాట. చీటీ అడగండి. "పేపర్ రోల్ అయిపోయింది" అంటే స్క్రీన్ మీదైనా చూపించమనండి.

మొదటి మెట్టు: మన పహణి, మన ఎఫ్‌ఐడి

పక్కవాళ్ల లెక్క తీసే ముందు మన లెక్క సరిగా ఉండాలి. 'భూమి' అనే ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్లో ఆర్‌టీసీ, అంటే పహణి అనే భూమి హక్కుల పత్రం, తెరిచి మూడు గడులు చూడండి. 9వ గడిలో హక్కుదారు పేరు. 11వ గడిలో అప్పులు, తాకట్లు, ఇతర హక్కులు. 12వ గడిలో సాగుదారు, పంట. చాలా ఇళ్లలో 9వ గడిలో ఎప్పుడో కాలం చేసిన తాతగారి పేరే ఉంటుంది. పేరున్న మనిషి లేడు, ఉన్న మనిషికి పేరు లేదు. అలాంటప్పుడు ఏ పథకమూ నిలకడగా రాదు. మరణ ధృవీకరణ పత్రం, వంశవృక్షం పెట్టి పౌతి ఖాతాకు, అంటే వారసుల పేరు మీదికి మార్పుకు, నాడకచేరిలో (హోబళి రెవెన్యూ ఆఫీసులో) దరఖాస్తు ఇవ్వండి. అన్నదమ్ముల మధ్య భాగాలు తేలలేదని దీన్ని వాయిదా వేసేవాళ్లు ఎక్కువ. ఉమ్మడిగానైనా పేర్లు ఎక్కించుకోవడం మేలు, పోడి, అంటే పొలం కొలిచి భాగాలు విడగొట్టడం, తర్వాత చేయించుకోవచ్చు.

తర్వాత 'ఫ్రూట్స్' అనే ప్రభుత్వ రైతు నమోదు వ్యవస్థ. కర్ణాటకలో రైతులందరి నమోదు ఇందులోనే. ప్రతి రైతుకూ ఒక ఎఫ్‌ఐడి నంబరు ఉంటుంది. నంబరు ఉంటే చాలదు, దానికి మన సర్వే నంబర్లన్నీ చేరి ఉండాలి. రైత సంపర్క కేంద్రంలో మాట ఇలా సాగుతుంది:

"ఎఫ్‌ఐడి ఉందా?"

"ఉంది సార్, అప్పుడెప్పుడో చేయించాం."

"ఎన్ని సర్వే నంబర్లు చేర్చారు?"

ఇక్కడ మనవాళ్లు మౌనం. ఆ రోజు చేతిలో ఉన్న ఒక్క పహణి మాత్రమే ఇచ్చి ఉంటారు. మూడు చోట్ల పొలం ఉన్నా ఎఫ్‌ఐడిలో ఒకటే ఉంటుంది. అన్ని పహణీలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లి చేర్పించి, చేరిన సర్వే నంబర్ల ప్రింటు అక్కడే తీసుకోండి. సర్వే నంబరు, హిస్సా (భాగం) నంబరు, గుంటలు పహణితో పోల్చి చూశాకే కుర్చీలోంచి లేవండి.

పంట సమీక్ష కూడా అంతే ముఖ్యం. ప్రతి సీజన్లో యాప్ ద్వారా పొలంలో ఏ పంట ఉందో ఫోటోతో నమోదు చేస్తారు, రైతు తనే చేసుకోవచ్చు. రాగి వేసిన పొలం అక్కడ బీడుగా నమోదైతే పరిహారమప్పుడు, పంట బీమా అప్పుడు ఏడ్చి లాభం లేదు.

రెండో మెట్టు: గుంటల లెక్క మనమే వేసుకోవడం

2023లో కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223ని కరువు తాలూకాలుగా ప్రకటించారు. రాష్ట్రం ముందు రైతుకు గరిష్ఠంగా 2,000 రూపాయలు ఇచ్చింది. కేంద్ర సాయం కోసం సుప్రీంకోర్టుకు వెళ్లాక 2024 ఏప్రిల్‌లో కేంద్రం సుమారు 3,454 కోట్లు విడుదల చేసింది. అప్పుడు ఊరూరా వినిపించిన ప్రశ్న: "మా పక్క పొలం వాళ్లకి ఎక్కువ, మాకు తక్కువ ఎందుకు?"

జవాబు లెక్కలో ఉంది. ఆ పరిహారానికి వర్తించిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటివసతి ఉన్న పంటకు 17,000, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు. రైతుకు రెండు హెక్టార్లు మించకూడదు. ఎకరానికి 40 గుంటలు, హెక్టారు అంటే దాదాపు 98.8 గుంటలు. కాబట్టి వర్షాధారానికి గుంటకు సుమారు 86 రూపాయలు. ఎకరం ఇరవై గుంటల రాగి పొలమైతే 60 గుంటలు, 60 సార్లు 86 అంటే 5,160. ముందు 2,000 పడి ఉంటే తర్వాత రావాల్సింది 3,160 దగ్గర. మీ ఖాతాలో పడింది 1,440 అనుకోండి. అప్పుడు "అన్యాయం" అనడం కాకుండా ఇలా వెనక్కి లెక్కించండి: 1,440కి 2,000 కలిపితే 3,440, దాన్ని 86తో భాగిస్తే 40 గుంటలు. అంటే మీ ఎఫ్‌ఐడిలో ఎకరమే ఉంది, ఇరవై గుంటలు చేరలేదు. ఈ చిన్న లెక్కతో వెళ్తే ఊరి లెక్కిగ కూడా మనల్ని కూర్చోబెట్టి మాట్లాడతాడు. (ఇప్పుడు ఆయన హోదా పేరు గ్రామ ఆడళితాధికారి అయింది, ఊళ్లో మాత్రం ఇంకా లెక్కిగనే.)

పరిహారం ఎంత, ఎప్పుడు, ఏ ఖాతాకు అన్నది రెవెన్యూ శాఖ పరిహార వెబ్‌సైట్లో సంవత్సరం, సీజను, విపత్తు రకం ఎంచుకుని ఆధార్ లేదా ఎఫ్‌ఐడి లేదా సర్వే నంబరుతో చూడొచ్చు. సర్వే నంబరుతో చూడగలగడం పెద్ద సౌకర్యం. మన పొలం మీద మనకు తెలియని పేరుతో డబ్బు పడిందా అన్నది అక్కడే బయటపడుతుంది.

బ్యాంకు గురించి ఒక్క మాట. చాలా పథకాల డబ్బు వెళ్లేది మనం దరఖాస్తులో రాసిన ఖాతాకు కాదు, ఆధార్‌కు చివరగా అనుసంధానమైన ఖాతాకు. బెంగళూరులో కొడుకు ఇంటికి వచ్చినప్పుడు సరదాగా తెరిచిన ఖాతాలో మూడు విడతలు పడి ఉన్న అమ్మలు చాలామంది ఉన్నారు. ఆధార్ వెబ్‌సైట్లో ఏ బ్యాంకు అనుసంధానమైందో చూపిస్తుంది, డీబీటీ కర్ణాటక యాప్‌లో ఏ పథకం నుంచి ఎంత జమైందో చూడొచ్చు. వాట్సాప్‌లో "పీఎం కిసాన్" పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లను (యాప్ ఎక్కించే ఫైళ్లను) మాత్రం ముట్టుకోకండి, అవి ఖాతా ఖాళీ చేసేవి.

మూడో మెట్టు: ఊరి జాబితా చదవడం

పీఎం కిసాన్ వెబ్‌సైట్లో లబ్ధిదారుల జాబితా అందరికీ తెరిచే ఉంటుంది. రాష్ట్రం, జిల్లా, తాలూకా, గ్రామం ఎంచుకుంటే పేర్లు వస్తాయి. లాగిన్ అక్కర్లేదు. కర్ణాటక ప్రభుత్వపు మాహితి కణజ వెబ్‌సైట్లో వేరే శాఖల వివరాలు కూడా ఊరివారీగా దొరుకుతాయి. చాలా వరకు కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది కాబట్టి అమ్మానాన్నలకు చదవడం వచ్చినా ఫోన్లో వెతకడం కష్టం. ఈ పని బెంగళూరులో ఉన్న పిల్లలు చేసి పెట్టొచ్చు.

జాబితా చూసేటప్పుడు అనర్హులెవరో గుర్తుంచుకోండి: ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, నాలుగో తరగతి మినహా ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు 10,000 లేదా అంతకంటే ఎక్కువ పింఛను వచ్చేవాళ్లు, ప్రాక్టీసు చేసే డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, సీఏలు. 2021 జనవరిలో ఒక సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర వ్యవసాయ శాఖ ఇచ్చిన జవాబు ప్రకారం 20 లక్షల 48 వేల మంది అనర్హులకు 1,364 కోట్లు వెళ్లాయి. అందులో సగానికి పైగా పన్ను కట్టేవాళ్లే. ఈ మాట చదివి పక్కింటి వైపు చూసే ముందు మన ఇంట్లో చూసుకోవాలి. బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నాన్న పోయాక పహణిలో పేరు మార్పించుకుని పీఎం కిసాన్‌కు కూడా నమోదైన కొడుకులు తక్కువేం లేరు. వాళ్ల కోసం అదే వెబ్‌సైట్లో స్వచ్ఛందంగా వదులుకునే వీలు, వచ్చిన డబ్బు తిరిగి కట్టే వీలు ఉన్నాయి. రికవరీ నోటీసు వచ్చేదాకా ఆగడం ఎందుకు?

నాలుగో మెట్టు: బిల్లును పొలంలో కొలవడం

అసలు డబ్బు ఇక్కడుంది. 2,000 రూపాయల విడత గురించి ఊరంతా మాట్లాడుకుంటుంది, అదే లక్ష రూపాయల డ్రిప్పు బిల్లును ఎవరూ తిప్పి చూడరు.

డ్రిప్పు సబ్సిడీకి కేంద్రం నిబంధన ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, మిగతావాళ్లకు 45 శాతం, దాని మీద రాష్ట్రం తన వాటా కలుపుతుంది. ఎఫ్‌ఐడి, పహణితో దరఖాస్తు చేస్తాం, కంపెనీ వాడు కొటేషన్ ఇస్తాడు, శాఖ అనుమతిస్తుంది, సామగ్రి వేస్తారు, అధికారి వచ్చి చూసి జీపీఎస్ ఫోటో తీస్తారు, తర్వాత డబ్బు విడుదలవుతుంది. ఈ మొత్తంలో రైతు చేతికి వచ్చే కాగితాలు తక్కువ, పెట్టే సంతకాలు ఎక్కువ. "ఇక్కడొకటి, ఇక్కడొకటి" అని డీలరు కుర్రాడు చూపించిన చోటల్లా పెట్టేస్తాం.

మా చిన్నాయన టమాటా తోటకు అలాగే వేశారు. ఆరు నెలల తర్వాత బిల్లు నకలు చూస్తే అందులో ఉన్న ఫిల్టరు తోటలో లేదు. డీలరును అడిగితే "అది వేరే మోడల్ అన్నా, రేటు ఒకటే" అన్నాడు. రేటు ఒకటి కాదు.

అందుకే సంతకానికి ముందే కొలవండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. సాళ్ల మధ్య దూరం ఒకటిన్నర మీటరైతే ఎకరానికి లేటరల్ పైపు (సాళ్ల వెంట వేసే సన్న పైపు) దాదాపు 2,700 మీటర్లు పడుతుంది. 1.2 మీటర్లైతే దాదాపు 3,370. బిల్లులో 3,370 రాసి పొలంలో సాళ్లు ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటే ఆ 670 మీటర్ల పైపు ఎక్కడుందో అడగాలి. కట్టలు లెక్కపెట్టండి, ఒక్కో కట్ట మీద ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది. ఫిల్టరు, వాల్వు, మెయిన్ పైపు ఒక్కొక్కటి బిల్లుతో టిక్కు పెట్టి, మూతల మీది బ్రాండు పేరు కనిపించేలా ఫోటో తీసుకోండి. మీ వాటా డబ్బు నగదుగా ఇవ్వకండి, బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి.

కృషి హొండకూ ఇదే పద్ధతి. పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలిచి మంజూరు పత్రంతో పోల్చండి. వాన పడి నిండాక లోతు ఎవరూ కొలవలేరు, ఆ సంగతి కాంట్రాక్టరుకు మనకంటే బాగా తెలుసు.

ఐదో మెట్టు: సమాచార హక్కు

ఫోన్లో దొరకనిది అడిగి తెచ్చుకోవాలి. కర్ణాటకకు 2000లోనే సొంత సమాచార హక్కు చట్టం ఉండేది, 2005 నుంచి కేంద్ర చట్టం. ఇందులో మనకు పనికొచ్చే ముఖ్యమైన మాట సెక్షన్ 4(1)(బి)లోని 12వ అంశం. సబ్సిడీ పథకాలు ఎలా అమలవుతున్నాయి, ఎంత కేటాయించారు, లబ్ధిదారులెవరు అన్నది ఎవరూ అడగకుండానే ప్రభుత్వం ప్రచురించాలి అంటుంది అది. అంటే మనం అడిగేది దయాభిక్ష కాదు, వాళ్లు ఇప్పటికే బయట పెట్టాల్సిన కాగితం.

దరఖాస్తు తెలుగులో రాస్తే చెల్లదు. ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంత అధికార భాష, ఇక్కడైతే కన్నడ. రాయలేనివాళ్లు నోటితో చెబితే సమాచార అధికారే రాసుకోవడానికి సాయం చేయాలని సెక్షన్ 6 చెబుతోంది. కర్ణాటకలో ఇంకో మెలిక ఉంది. దరఖాస్తు ఒకే విషయం మీద ఉండాలి, మామూలుగా 150 పదాలు దాటకూడదు. ఆవేశంగా మూడు పేజీలు రాస్తే దాన్నే సాకుగా తిప్పి పంపుతారు. ఎందుకు అడుగుతున్నామో చెప్పాల్సిన పని లేదు. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్లకు అదీ లేదు. రాష్ట్ర ఆర్‌టీఐ ఆన్‌లైన్ వెబ్‌సైట్ ద్వారా బెంగళూరు నుంచే పంపొచ్చు.

ఇలా రాసి కన్నడలోకి మార్చుకోండి:

"విషయం: ఫలానా గ్రామంలో గత రెండు ఆర్థిక సంవత్సరాల డ్రిప్పు సబ్సిడీ వివరాలు. 1. మంజూరైన ప్రతి దరఖాస్తుకూ సర్వే నంబరు, హిస్సా నంబరు, విస్తీర్ణం, పంట, సరఫరా చేసిన కంపెనీ, మొత్తం బిల్లు, సబ్సిడీ మొత్తం, చెల్లించిన తేదీ, చెల్లింపు రైతుకా కంపెనీకా అన్నది ఇవ్వగలరు. 2. వీటి తనిఖీ నివేదికల నకళ్లు ఇవ్వగలరు. 3. పెండింగులో ఉన్న దరఖాస్తుల తేదీలు, వరుస సంఖ్యలు ఇవ్వగలరు. ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు అవసరం లేదు, సెక్షన్ 10 ప్రకారం తొలగించి ఇవ్వగలరు. ఇది సెక్షన్ 4(1)(బి) 12వ అంశం కింద ప్రచురించవలసిన సమాచారం."

ఆ చివరి రెండు వాక్యాలు ఊరికే పెట్టలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ద్వారా ఆర్‌టీఐలోని సెక్షన్ 8(1)(జె) మారింది, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారమైతే చాలు, ఇవ్వబోమనే వీలు ఇప్పుడు పెరిగింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వొచ్చన్న సెక్షన్ 8(2) మాత్రం అలాగే ఉంది. అందుకే మనిషి చుట్టూ కాకుండా సర్వే నంబరు, విస్తీర్ణం, బిల్లు చుట్టూ ప్రశ్న కట్టడం మంచిది. ఇంకో లాభం కూడా ఉంది. "ఫలానా వాడికి ఎంత ఇచ్చారు" అని రాస్తే సాయంత్రానికల్లా ఆ మాట వాడికి చేరుతుంది, అరుగు మీద గొడవ మొదలవుతుంది. ఊరంతటి లెక్క అడిగితే ఎవరి మీదా వేలు పెట్టినట్టు ఉండదు.

వ్యవసాయ శాఖ పథకాలైతే తాలూకా సహాయక వ్యవసాయ నిర్దేశకుల ఆఫీసుకు, డ్రిప్పు, తోటలైతే తాలూకా తోటగారికె ఆఫీసుకు, పరిహారమైతే తహసీల్దారు ఆఫీసుకు రాయండి. తప్పు చోటికి వెళ్లినా ఐదు రోజుల్లో సరైన చోటికి పంపాల్సింది వాళ్లే. ఫైళ్లు ఎక్కువుంటే నకళ్లు కాకుండా తనిఖీకి అనుమతి అడగండి. ఫైలు ముందు కూర్చుంటే జవాబులో రాని సంగతులు చాలా కనిపిస్తాయి.

జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే, లేదా అరకొరగా వస్తే, 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార ఆయోగానికి రెండో అప్పీలు. ఆయోగం ఆఫీసు బెంగళూరులోనే, విధానసౌధ దగ్గర దేవరాజ్ అర్స్ రోడ్డులో ఉన్న మాహితి సౌధ. ఆలస్యానికి అధికారికి రోజుకు 250 రూపాయలు, గరిష్ఠంగా 25,000 వరకు జరిమానా వేసే అధికారం ఆయోగానికి ఉంది. రెండో అప్పీలు విచారణకు చాలాకాలం పట్టొచ్చు, అది దాచిపెట్టడం ఎందుకు. కానీ మొదటి అప్పీలు దగ్గరే చాలా కాగితాలు కదులుతాయి, పై అధికారి ముందు సంజాయిషీ చెప్పుకోవాలంటే కింది అధికారికి టెన్షనే.

తేడా దొరికితే

ముందు ఆఫీసులోనే రాతపూర్వకంగా ఇచ్చి సీలు వేసిన నకలు తీసుకోండి. చాలా తప్పులు డేటా ఎంట్రీవి, అక్కడే సరిపోతాయి. కదలకపోతే రాష్ట్ర ప్రభుత్వ జనస్పందన నంబరు 1902. కేంద్ర పథకాలకు సీపీగ్రామ్స్ అనే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్. పీఎం కిసాన్‌కు 155261. పంట బీమా అయితే 14447. అకాల వర్షం, వడగళ్ల నష్టాన్ని 72 గంటల్లోపు ఈ నంబరుకు చెప్పడం మరిచిపోతే మిగతా కాగితాలన్నీ ఉన్నా కష్టమే.

వేయని డ్రిప్పుకు, తవ్వని కుంటకు డబ్బు విడుదలైనట్టు కాగితం చేతిలో ఉంటే అది లోకాయుక్త దాకా వెళ్లే విషయం. అక్కడ నిర్ణీత ఫారంలో ఫిర్యాదుతో పాటు అఫిడవిట్ ఇవ్వాలి, అంటే రాసిన ప్రతి మాటకూ మనది పూచీ. కాబట్టి విన్నమాటలు కాకుండా బిల్లు నకలు, తనిఖీ నివేదిక, పొలం ఫోటో మూడూ జోడించండి. ఒంటరిగా కాక పదిమంది రైతులు సంతకాలు పెడితే ఎవరి మీదా పగ పట్టడానికి వీలుండదు.

పొలం ఆంధ్రలో ఉంటే

బెంగళూరులో ఉంటున్నా పొలం మదనపల్లె, పలమనేరు, హిందూపురం వైపు ఉంటే పైన చెప్పిన కర్ణాటక వెబ్‌సైట్లు ఏవీ పనిచేయవు. పథకం భూమి ఉన్న రాష్ట్రానిదే. అక్కడ రైతు సేవా కేంద్రం, ఈ-క్రాప్ అనే పంట నమోదు, వెబ్‌ల్యాండ్ అనే భూరికార్డు చూసుకోవాలి. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవలో పీఎం కిసాన్ 6,000తో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు. ఆర్‌టీఐ దరఖాస్తు అక్కడ తెలుగులోనే రాయొచ్చు, 150 పదాల మెలిక లేదు. రెండు రాష్ట్రాల్లోనూ పొలం ఉన్నవాళ్లు పీఎం కిసాన్ ఒక్క చోటే తీసుకోవాలి, అది కూడా కుటుంబానికి ఒక్కటే, భార్యాభర్తలిద్దరికీ వేర్వేరుగా రాదు.